ఉప్పు బిళ్ళల మధ్య సందు

మా బాబాయిని బయట ఎండ ఎలా ఉందని అడిగితే "చూడలేదు" అంటాడు. అప్పుడే బయటనుంచి వచ్చి, చొక్కా వీపుకి అతుక్కుపోయి, చెమటలు కక్కుతూ నిలబడి ఉంటాడు. అయినా చూడలేదనే అంటాడు. థర్మామీటరు చూడలేదని దానర్థం. పెళ్ళయిన కొత్తలో పిన్ని ముచ్చటపడి కొత్త చీర కట్టుకుని "ఎలా ఉన్నాను?" అని అడిగితే, కాసేపు ఆలోచించి "దేనితో పోల్చి?" అన్నాడట. పిన్ని ఇప్పటికీ ఆ మాట పట్టుకుని దెప్పుతూనే ఉంటుంది.

నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. మా పనిలో కుట్టు లోపల అర అంగుళం గుడ్డ వదిలిపెడతాం, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి పనికొస్తుందని. బాబాయి బతుకులో అలా వదిలిపెట్టిన గుడ్డ ఎక్కడా లేదు. అందుకే ఆయన్ని తలుచుకుంటే నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. ఏది ముందు వస్తుందో చెప్పలేను.

ఆయన పురుగుమందులు, రంగులు, నూనెలు పరీక్షచేసే లాబొరేటరీలో టెక్నీషియన్. అక్కడ అందరూ ఆయన్ని ఉప్పాయన అనేవారు. వంటకీ ఆ పేరుకీ సంబంధం లేదు. అక్కడ ఇన్‌ఫ్రారెడ్ యంత్రం ఒకటి ఉండేది. కంటికి కనపడని, వేడిగా మాత్రమే తెలిసే వెలుగును అది ద్రవం గుండా పంపుతుంది. ఆ ద్రవం ఏ రకం వెలుగును ఎంత మింగిందో కాగితం మీద పెన్నుతో గీస్తుంది. గాజు ఆ వెలుగును చాలావరకు రానివ్వదు, ఉప్పు రానిస్తుంది. మనం రోజూ తినే ఉప్పే, కాకపోతే పెద్ద స్ఫటికంగా పెంచి బిళ్ళలుగా కోసింది. రెండు బిళ్ళల మధ్య, లోపలి భాగం కోసి తీసేసిన సన్నటి సీసపు రేకు పెట్టి, పైనుంచి ఇనప చట్రం వేసి మరలు బిగిస్తే, లోపల వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులో మందు పోస్తారు. ఆ మొత్తాన్ని వాళ్ళు సెల్ అంటారు. చిన్నప్పుడు నేను టార్చిలైటులో వేసే సెల్ అనుకుని, ఇంట్లో అయిపోయినప్పుడల్లా బాబాయిని తెమ్మని ప్రాణం తీసేదాన్ని.

ఉప్పు బిళ్ళకి తేమ పడదు. వేలు తగిలితే మచ్చ, ఊపిరి తగిలితే మసక. అందుకని సాయంత్రం అయ్యేసరికి బాబాయి సెల్‌ను విప్పి, బిళ్ళలను స్పిరిట్ తడి గుడ్డ మీద మెత్తటి పొడితో మెరిసేదాకా రుద్ది, తేమ చొరబడని గాజు జాడీలో పెట్టి గాని ఇంటికి కదిలేవాడు కాదు. ఊపిరి పక్కకి వదలడం ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా ముఖం పక్కకి తిప్పుకునేవాడు. తెలియనివాళ్ళు పొగరనుకునేవారు.

ఆయన్ని అంతవాణ్ణి చేసింది మా నాన్న. తాతయ్య పోయినప్పుడు నాన్న చదువు మానేసి పురుగుమందుల గోడౌన్‌లో మూటలు మోయడానికి చేరాడు, తమ్ముణ్ణి చదివించాడు. మోసి మోసి, చివరికి అదే గోడౌన్‌కి కీపరయ్యాడు. తాళాలగుత్తి నడుముకి కట్టుకుని గలగలమంటూ ఇంటికొచ్చేవాడు. ఆయన గొప్పలన్నీ తమ్ముడి గురించే. వీధిలో ఎవరు దొరికినా కూర్చోబెట్టి, "మావాడు కొలిస్తే కొలిచినట్టే. వాడి లెక్క తప్పడం అంటూ ఉండదు" అని చెప్పేవాడు. వినేవాళ్ళు ఆవలించినా ఆపేవాడు కాదు. అమ్మ లోపల్నుంచి "ఆ మాట నిన్న కూడా చెప్పారు" అని కేకేస్తే, "నిన్న కూడా నిజమే కదా" అనేవాడు.

నాన్న ఒకసారి నన్ను ఆ లాబొరేటరీకి తీసుకెళ్ళాడు. బాబాయి ఖాళీ సెల్‌ను యంత్రంలో పెట్టాడు. పెన్ను కాగితం మీద తిన్నగా పోలేదు. పైకీ కిందకీ, ఒకే కొలతలో, అలలు అలలుగా పోయింది. ఏమీ పోయకుండా అలలు ఎందుకొచ్చాయని అడిగాను.

"వెలుగులో ఎక్కువ భాగం సందు దాటి నేరుగా వచ్చేస్తుంది. కొంచెం మాత్రం అవతలి బిళ్ళకి తగిలి వెనక్కొచ్చి, ఇవతలి బిళ్ళకి తగిలి మళ్ళీ ముందుకెళ్తుంది. అది ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిసేచోట అడుగు కలిస్తే వెలుగు పెరుగుతుంది, అడుగు తప్పితే తగ్గుతుంది. ఒక్కో రంగు దగ్గర ఒక్కోలా. అందుకే ఇలా పైకీ కిందకీ" అన్నాడు బాబాయి.

"అయితే ఏంటట?" అన్నాను.

"ఈ గుర్తు నుంచి ఆ గుర్తు దాకా ఎన్ని అలలున్నాయో చూస్తే సందు మందం తేలిపోతుంది. అలలు ఒత్తుగా ఉంటే సందు ఎక్కువ, విడివిడిగా ఉంటే తక్కువ. ఇంత సన్నటి సందులో ఏ స్కేలు పడుతుంది చెప్పు. వెలుగునే స్కేలుగా వాడతాం."

సందు ఎంతుంటే ఏం, మందు మంచిదో కాదో చూస్తే చాలదా అని నాన్న అడిగాడు. బాబాయి మా నాన్నకేసి తిరిగి, ఊపిరి పక్కకి వదిలి, నెమ్మదిగా చెప్పాడు. "మందు చిక్కగా ఉన్నా వెలుగు ఎక్కువ మింగుతుంది అన్నయ్యా, సందు మందంగా ఉన్నా ఎక్కువ మింగుతుంది. ఏది దేనివల్లో తెలియాలంటే ముందు సందు తెలియాలి. అది కూడా ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలి. మందు పోశాక అలలు మాయమైపోతాయి. వెలుగుకి ద్రవమూ ఉప్పూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, గోడ ఎక్కడుందో దానికి తెలీదు."

నాన్నకి సగమైనా అర్థమైందో లేదో, దారి పొడుగునా ఛాతీ విరుచుకుని నడిచాడు. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక అసలు సంగతి. నాన్న గోడౌన్‌నుంచి వెళ్ళిన మందు పురుగుని చంపడం లేదని రైతులు గోల చేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చి డ్రమ్ములోంచి రెండు సీసాల్లోకి మందు తీయించాడు. ఒకటి సీలువేసి గోడౌన్‌లోనే ఉంచి, రెండోది పరీక్షకి పంపాడు. లాబొరేటరీకి పోయే సీసా మీద ఊరూ పేరూ ఏమీ ఉండవు, నంబరు మాత్రమే ఉంటుంది. పరీక్షచేసేవాడికి అది ఎవరిదో తెలియకూడదని ఆ ఏర్పాటు. ఆ సీసా వెళ్ళి మా బాబాయి బల్లమీదే కూర్చుంది.

ఆ రోజేం జరిగిందో తర్వాత ఆయన నోటినుంచి ముక్కలు ముక్కలుగా విన్నాను. వాన ముసురు. పొద్దున్నే ఖాళీ సెల్‌కి అలలు తీసి సందు కొలిచాడు. మధ్యాహ్నం ఆ నంబరు మందు పోశాడు. పోసి చూస్తే చట్రం కింది అంచున ఒక చుక్క చెమ్మగిల్లింది. కారితే లోపల గాలిబుడగ పడుతుంది, రీడింగ్ పాడవుతుంది. ఆయన ఆ చుక్క తుడిచి, మరలను ఇంకాస్త బిగించాడు. కారడం ఆగింది. యంత్రంలో పెట్టాడు. మందు ఉండవలసిన దానికంటే తక్కువ ఉన్నట్టు వచ్చింది. అనుమానం వచ్చి మళ్ళీ తీశాడు. అదే వచ్చింది. అదే సెల్ కదా, అదే వస్తుంది. మందును పలచన చేశారని రిపోర్టు రాసి ఇచ్చాడు. సాయంత్రం యథాప్రకారం సెల్ విప్పి, బిళ్ళలు రుద్ది, జాడీలో పెట్టి ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాడు.

నాన్నను పనిలోంచి ఆపేశారు. డ్రమ్ము సీలు ఊడదీసి కొంత మందు బయట అమ్ముకుని, తగ్గినంత నూనె కలిపాడని ఆరోపణ. తాళాలగుత్తి అక్కడే బల్లమీద పెట్టించుకున్నారు. ఇంటికొచ్చిన నాన్న చెయ్యి అలవాటుకొద్దీ నడుం దగ్గరికి పోయేది, ఏమీ దొరక్క కిందకి జారేది. అమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది. నాన్న మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. "పరీక్ష ఎవడు చేశాడో వెధవ. మావాడు గనక చేసుంటే నిజం తేలిపోయేది" అన్నాడు.

ఆదివారం బాబాయి వచ్చాడు. నాన్న నోటీసు కాగితం చేతికిచ్చి, "ఒరేయ్, ఇది మీ దగ్గర ఎవరు చేశారో కనుక్కుని, నువ్వోసారి కొలిచి చూడరా" అన్నాడు. బాబాయి కాగితంలో నంబరు చూశాడు. ఆయన పెదవుల్లో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. నీళ్ళు నమలడం ఆయనకు రాదు. "నేనే చేశాను అన్నయ్యా" అన్నాడు.

అమ్మ టీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది. చివరికి నాన్న, "రెండుసార్లు చూశావా?" అని అడిగాడు.

"చూశాను."

"రెండుసార్లూ అంతే వచ్చిందా?"

"అంతే వచ్చింది."

నాన్న తలూపాడు. బాబాయి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీధి మలుపు దాకా వెంటపడి, "నాన్న అలాంటి పని చేస్తాడా? నువ్వే చెప్పు బాబాయ్" అన్నాను. ఆయన ముఖం పక్కకి తిప్పి ఊపిరి వదిలాడు, అంతే. ఆ క్షణంలో ఆయన్ని చెంపమీద కొట్టాలనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, లాబొరేటరీలో మరేదో మందు సెల్‌లో పోస్తుంటే మళ్ళీ అంచున చుక్క కారిందట. బాబాయి చెయ్యి తనంతట తానే మరల మీదికి పోయింది. బిగించాక ఆయన ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయాడట. ఆ మందు పారబోసి, సెల్‌ను ఆరబెట్టి, ఖాళీగా మళ్ళీ అలలు తీశాడు. పొద్దుటికంటే అలలు విడివిడిగా వచ్చాయి. సీసం మెత్తనిది. మర బిగిస్తే రేకు నలుగుతుంది, సందు తగ్గుతుంది. సందు తగ్గితే మందు వెలుగును తక్కువ మింగుతుంది, మంచి మందు కూడా పలచనగా కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా కారినప్పుడల్లా అలాగే బిగిస్తూ వచ్చాడు. ఎప్పుడో గాని కారేది కాదు గనక, తేడా ఎవరికీ పట్టలేదు.

అయితే నాన్న గోడౌన్ మందు కొలిచిన రోజు ఎంత తగ్గింది? అది చెప్పగలిగింది ఆ సెల్ ఒక్కటే. ఆ సెల్‌ను ఆ సాయంత్రమే తన చేతులతోనే విప్పేసి, బిళ్ళలు అరగదీసి, నలిగిన రేకు పారేసి శుభ్రం చేసుకున్నాడు. పనిదొంగ అయ్యుంటే, బద్ధకించి అలాగే వదిలేసి ఇంటికి పోయుంటే, మర్నాడు పొద్దున అలలు తీయగానే మా నాన్న సంగతి తేలేది. ఈ మాట పిన్నితో అంటే, "అయ్యో, ఆయనకి బద్ధకం నేర్పలేకపోయానే" అని నవ్వబోయి ఏడ్చేసింది.

బాబాయి పిచ్చివాడిలా అయిపోయాడు. అవే బిళ్ళలు, అలాంటిదే రేకు పెట్టి, తన చెయ్యి ఆ రోజు ఎంత బిగించి ఉంటుందని తోస్తే అంత బిగించి, అలలు తీసి, ఆ సందుతో పాత లెక్క మళ్ళీ వేసి చూసేవాడు. ఒకసారి బిగిస్తే మా నాన్న నిర్దోషి. ఇంకోసారి బిగిస్తే దొంగ. చేతికి జ్ఞాపకం ఉంటుంది గాని కొలత ఉండదు కదా. గోడౌన్‌లో సీలువేసి ఉంచిన రెండో సీసా తెప్పించమని కాళ్ళావేళ్ళా పడితే తెప్పించారు. మందు దాని రబ్బరు మూతను తినేసి, సగానికి సగం ఆవిరైపోయింది. అది దేనికీ పనికిరాదు. డ్రమ్మును అప్పటికే తగలబెట్టేశారు.

అప్పుడు బాబాయి తన పైఅధికారి దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పి, తన రిపోర్టు వెనక్కి తీసుకోమని అడిగాడు. ఆ అధికారి చెడ్డవాడేం కాదు. బాబాయిని కూర్చోమని కుర్చీ చూపించాడట.

"మర బిగించిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?"

"ఇప్పుడే తెలిసింది సార్."

"ఆ గోడౌన్ కీపరు మీకేమవుతారు?"

"మా అన్నయ్య."

"ఆయన మీ అన్నయ్యని ఎప్పుడు తెలిసింది? మర సంగతికి ముందా, తర్వాతా?"

"ముందు."

అధికారి నిట్టూర్చి, "మీరు కాక ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి" అన్నాడట. అంతటితో పోలేదు. బంధువుని కాపాడటానికి రిపోర్టు మార్చబోయాడని బాబాయి మీదే విచారణ వేశారు. జీవితమంతా ఒక్క అబద్ధం ఆడని మనిషి, మొదటిసారి తన తప్పు తానే చెప్పుకోబోతే, అదే అబద్ధం కింద రాసుకున్నారు.

ఈ విచారణ సంగతి పిన్ని వచ్చి చెప్పింది. నాన్న వింటూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఎక్కడికో బయల్దేరాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, మందులో నూనె కలిపింది తనేనని ఒప్పుకుని సంతకం పెట్టి వచ్చానని చెప్పాడు. అమ్మ గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోయింది. ఉద్యోగం పోయింది, పరువు పోయింది. బాబాయి రిపోర్టు నిలబడింది గనక ఆయన మీద విచారణ కూడా మూతపడింది.

నాన్న చొక్కా పట్టుకుని గుంజి, "నిజంగా కలిపావా నాన్నా? బాబాయి కోసమేగా ఒప్పుకున్నావు?" అని అరిచాను.

నాన్న నా చెయ్యి విడిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మొదట వాడి కోసమే అనుకున్నానమ్మా. దారిలో ఆలోచిస్తే ఏమో అనిపించింది. ఆ డ్రమ్ముల్లోకి నేను రోజూ ఏవేవో పోయిస్తుంటాను, తీయిస్తుంటాను. ఎప్పుడైనా పరాకున ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పోశానేమో. వాడు రెండుసార్లు కొలిచాడు కదా" అన్నాడు.

అప్పుడు నాకు కలిగిన భయం ఇంకెప్పుడూ కలగలేదు. ఉద్యోగం పోతే బతకొచ్చు. మా నాన్నకి తన మీద తనకున్న నమ్మకం పోయింది, దాన్ని తీసుకుపోయింది ఆయన చేతులమీదుగా పెంచుకున్న తమ్ముడి లెక్క. మర సంగతి బాబాయి ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా నాన్న వీపు తట్టి, "పోనీలేరా, నువ్వేం చేస్తావు" అనేవాడు. బాబాయి తనను ఊరడించడానికి ఏదో అల్లి చెబుతున్నాడనే అనుకునేవాడు.

ఆ తర్వాత నాన్న వీధిలోకి రావడం మానేశాడు. గొప్పలు చెప్పడం ఆగిపోయింది. బాబాయి ప్రతి ఆదివారం వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకసారి నేను ఉండబట్టలేక, "బాబాయ్, లెక్కలొద్దు. నాన్న కలపలేదని నమ్ముతున్నానని ఒక్క మాట అను, నీ సొమ్మేం పోయింది?" అని నాన్న ముందే అడిగేశాను. బాబాయి నోరు తెరిచాడు. అమ్మా, నాన్నా, నేనూ ఆ నోటికేసే చూశాం. "ఆ సందు కొలవలేదమ్మా" అన్నాడు చివరికి. నేను లోపలికెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాను.

నాన్నకి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఏళ్ళ తరబడి ఆ గోడౌన్ గాలి పీల్చిన ఫలితమని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఆఖరి రోజుల్లో ఒక పొద్దున బాబాయి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నాన్న దుప్పటి మీద వేళ్ళు కదిలించి, ఆయన్ని దగ్గరికి రమ్మన్నాడు.

"ఒరేయ్, నువ్వు చెప్పరా. నేను కలిపానా?"

బాబాయి ఈసారి ముఖం పక్కకి తిప్పలేదు. నాన్న ముఖంలోకి వంగి, ఆయన ఊపిరి నాన్న బుగ్గమీద పడేంత దగ్గరగా వచ్చి, "కలపలేదన్నయ్యా. నువ్వు కలపలేదు. నాకు తెలుసు" అన్నాడు.

నా కళ్ళు నిండిపోయాయి. ఇంతకాలం నేను అడిగింది ఈ మాటే. నాన్న తమ్ముడికేసి చాలాసేపు ప్రేమగా చూశాడు. చిన్నప్పుడు తప్పు లెక్క చేసుకొచ్చిన పలక చూసినట్టే చూశాడు.

"నీకు అబద్ధమాడటం రాదురా" అన్నాడు.

బాబాయి ఏదో చెప్పబోయాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, ఇక చాలన్నట్టు నొక్కి, కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నాన్న పోయాడు. అప్పటిదాకా బాబాయి ఆ స్టూలు మీదనుంచి లేవలేదు.